బానకు చలేసింది

కబ్బన్‌పేటలో మా డాబా మీద మూడు బానలు.
రెండు ఖాళీ. మూడోదాంట్లో నీలి.
తగిరిస గింజలు ఉడకేసి, సున్నపుతేట వంచి,
బెల్లం గడ్డ జారవిడిచి
తొమ్మిది రోజులు కలియబెట్టాను.
సున్నం మీరితే ఉన్ని పెళుసు బారుతుంది,
అందుకని రోజూ నాలిక మీద ఒక్క చుక్క.
పదోనాడు రాగిపొర కట్టింది.
"లేచిందే నీ బాన!" కిందినించి రుద్రాంబత్త అరిచింది,
వాసన పట్టి.
మా ఇంట్లో నీలిని కళ్ళతో చూసేది తక్కువ.

కింద ఒకప్పుడు పద్దెనిమిది మరమగ్గాలు.
ఇప్పుడు ప్లైవుడ్ గోడౌను; మమ్మల్ని సాకేది ఆ అద్దే.
గుంటమగ్గం ఒక్కటి మెట్ల కింద మిగిలింది,
కొనేవాడు దొరక్క.
దాని మీద నా బతుకు నేసుకుంటున్నానంటే వినడానికి బావుంటుంది.
నేసేది మాత్రం అత్త.
నాకు రంగు ముంచడమే వచ్చు.

ఏడాదికి రెండుసార్లు హిరియూరు నించి మాళప్ప,
బస్సు టాపు మీద బొచ్చు మూటలు.
కత్తెరేసినవాడి కూలి కన్నా
కత్తిరించిందాని ధర తక్కువ.
"మా పక్కూళ్ళో గుట్టకు పారబోస్తన్నారమ్మా.
కాకిగూళ్ళన్నీ మెత్తబడిపొయ్యినాయి"
అని నవ్వుతాడు.
బేరమాడడు. అదే నాకు కష్టం.

అతను తెచ్చేది ముప్పాతిక నలుపు.
ఆ నలుపు మీద ఏం వెయ్యలేదు నేను?
దసరా మర్నాడు మార్కెట్టులో చీపురు కింద పడ్డ బంతిపూలు
రెండు గోతాలు,
జ్యూసుబండి నంజేశుడు ఉత్తినే ఇచ్చిన దానిమ్మ తొక్కలు,
పటిక, కరక్కాయ, ఉల్లిపొట్టు.
అన్నీ తాగింది.
తాగి, ఏమీ ఎరగనట్టు నల్లగానే కూచుంది.
చింతగింజల గంజి పెట్టి అత్త దాన్ని గొంగడి నేసింది.
మూడు సంతల్లో మడత విప్పాం,
మూడు సంతల్లో మడత పెట్టాం.
"గుచ్చుకుంటుంది" అన్నారు.
గుచ్చుకుంటుంది మరి.

ఇందిరానగర్ దుకాణం వాళ్ళకి తెల్ల ఉన్నిలో ఇరవై శాలువలు,
నీలివి, ఇరవయ్యీ ఒకే ఛాయ.
ఆ ఛాయ ఫోన్లో చూపించారు.
ఫోన్లోనే ముంచుకోండి అనబోయి
సరే అన్నాను.

ఆ రాత్రే చలి దిగింది.
తెల్లారి మూత తీస్తే పొర లేదు, నురుగు లేదు,
కడిగిన పలక లాంటి నీళ్ళు.
బెల్లం వేశాను. బతిమాలాను.
హీటరు పెట్టమన్నారెవరో,
కరెంటు బిల్లు తలుచుకున్నాను.
అత్త మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది,
చంకలో గొంగడి.
"తీపి తినిపిస్తే సరా? చలేస్తోందే దానికి!"
బాన చుట్టూ రెండు మడతలు తిప్పి
మెడ దగ్గర నులకతో కట్టింది,
ఊరికి పోయే పిల్లాడికి చెవులు మూసినట్టు.

రెండు రాత్రులు.
గొర్రె వాసనా నీలి వాసనా ఒకదాన్నొకటి తిట్టుకుంటుంటే
నేను పక్కనే చాప వేసుకుని పడుకున్నాను.

మూడోనాడు చెయ్యి దూరిస్తే
లోపల గోరువెచ్చన.
తెల్లచిలప ముంచి తీశాను:
చిలకాకుపచ్చ.
గాలి తగిలిన చోటల్లా, అంచు నించి లోపలికి,
ఎవరో పిలిస్తే తిరిగినట్టు
నీలం.
పదిహేనేళ్ళుగా చూస్తున్నాను, ఇప్పటికీ నమ్మను.

ఇరవై శాలువలు, ఇరవై ఛాయలు.
దుకాణం ఫోను రెండుసార్లు మోగింది.
ఎత్తలేదింకా.

మొన్న మాళప్ప వచ్చి
బానకున్న గొంగడి కొస వేళ్ళ మధ్య నలిపాడు.
నీలి పొంగి కారిన చోట ఎండ పడితే
నలుపు లోపల ఇంకేదో కదిలింది.
దాన్ని చూడలేదతను.
"చెవి తెగిందాని బొచ్చమ్మా ఇది" అన్నాడు.
ఎట్లా ఉంది అది?
"మేస్తాంది.
మళ్ళా వేలెడు పెరిగింది."